సిగ్గుబిళ్ళ

వంగల శరభయ్య నోరు తెరిస్తే శ్లేషలు రాలతాయి. యాభై రెండేళ్ళు వచ్చేసరికి ఆయనకు జుట్టు పల్చబడింది, చూపు మందగించింది. మాట మాత్రం మందగించలేదు సరికదా, మందలు మందలుగా వచ్చి పడుతుంది. చదివింది నరాల శాస్త్రం. చేస్తున్నది బెజవాడలో నలభై ఒక్క బడుల పిల్లలకు పర్యావరణ పాఠాలు చెప్పే ‘హరితబాల’ పథకానికి పెద్దరికం.

"మనక్కావలసింది చెత్తశుద్ధి కాదర్రా, చిత్తశుద్ధి" అని మొదలుపెట్టేవాడు. "కాలువలో కవరు వేసినవాణ్ణి ఆ దేవుడు కూడా కవరు చెయ్యలేడు" అని సాగించేవాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. నవ్వి, చేతిలో ఉన్న చాక్లెట్ కాగితాలు అక్కడే పడేసి ఇళ్ళకు పోయేవారు. పన్నెండేళ్ళు అలా అరిచాక శరభయ్య గొంతు పోయింది గానీ కాలువలో కవర్లు పోలేదు. చెవిలో పడ్డ పాఠం చేతిదాకా రావాలంటే మాట చాలదని, మధ్యలో ఉన్న నరాన్నే పట్టుకోవాలని అప్పుడు తోచింది ఆయనకు.

అలా పుట్టింది బిళ్ళ. రూపాయి కాసంత ఉంటుంది. చొక్కా లోపల, మెడ ఎముక కింద అంటించుకోవాలి. దాని పనితనం చూడాలంటే ఏ ఉదయమైనా కాలువ గట్టు మీది పార్కుకు వెళితే చాలు. ఆరో తరగతి కుర్రాడొకడు చిప్స్ తిని, ఖాళీ పాకెట్టును అలవాటుగా గాలికి వదిలాడు. వదిలిన చేతి విసురును బిళ్ళ పసిగట్టింది. మూడు క్షణాల్లో వాడి చెవులు ఎర్రబడ్డాయి. తల దానంతట అదే వాలిపోయింది. గొంతులో ఏదో అడ్డుపడినట్టు గుటక వేసి, గబగబా నాలుగడుగులు వెనక్కి వెళ్ళి పాకెట్టు ఏరుకుని జేబులో కుక్కుకున్నాడు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. రెండు నిమిషాల్లో అంతా సద్దుకుంది. ఆ కుర్రాడు మళ్ళీ నెల్లాళ్ళ దాకా నేల మీద కాగితం పడెయ్యలేదు.

కాగితాల్లో దాని పేరు ‘హరితమిత్ర’. పిల్లలు పెట్టిన పేరు సిగ్గుబిళ్ళ. వెనకటికి పసిపిల్లల మొలతాటికి కట్టిన వెండి సిగ్గుబిళ్ళ ఒంటిని దాచేది. ఇది లోపల దాగినదాన్ని ఒంటి మీదికి తెచ్చేది. శరభయ్యకు ఈ పేరే ముద్దు. ఇలాంటి మాట తనకు ముందే తట్టనందుకు కొంచెం అసూయ కూడా.

ఎనిమిది నెలల్లో కాలువ నీటికి రంగు తిరిగింది. పత్రికల వాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. వచ్చే సోమవారం కాక పై సోమవారం కమిటీ వస్తుంది, బిళ్ళ పనిచేసే తీరు చూస్తుంది, సంతకం పెడుతుంది. ఆ తర్వాత రాష్ట్రంలో పద్నాలుగు లక్షల మంది పిల్లల మెడ కింద శరభయ్య బిళ్ళ ఉంటుంది. "పద్నాలుగు లక్షల మంది సిగ్గుపడితే మనకు గర్వంగా ఉండదూ?" అని ఆయన ఇంట్లో, లాబులో, కిళ్ళీ కొట్టు దగ్గర ఒకటే మాట తిప్పి తిప్పి అంటున్నాడు.

ఆ మాట నాలుగోసారి అన్న సాయంత్రమే ఆయన కూతురు వకుళ అన్నం ముందు కూర్చుని తల్లితో చెప్పింది, శనివారం బడిలో జరిగే తల్లిదండ్రుల సమావేశానికి రావద్దని.

వకుళకు పన్నెండేళ్ళు. ఎనిమిది నెలలుగా ఆమె మెడ కిందా బిళ్ళ ఉంది. తల్లి సుజన జిల్లా గ్రంథాలయంలో పనిచేస్తుంది. ఒకటో తరగతి నుంచీ ఒక్క సమావేశమూ తప్పలేదు. పోనీ నాన్నను పంపనా అని అడిగింది నవ్వుతూ. నాన్న వస్తే ఫర్వాలేదట, నువ్వే వద్దట.

"నేనేం చేశానే?"

"ఏం చెయ్యలేదు. నువ్వు క్లాసు గుమ్మంలో నిలబడతావని తలుచుకుంటేనే నాకు నేలలోకి దిగిపోవాలనిపిస్తుంది." వకుళ కుడిచేతి రెండు వేళ్ళు ఎడంచేత్తో నొక్కుకుంటోంది. "అప్పుడు ఇక్కడ తాడు కోసినట్టు నొప్పి పుడుతుంది. తడి గోనె వాసన వస్తుంది. ఎందుకో తెలీదమ్మా. నువ్వు మాత్రం రావద్దు."

"గుమ్మంలో నిలబడితే ముద్దుగుమ్మ అంటారే మీ అమ్మని" అన్నాడు శరభయ్య. ఎవరూ నవ్వలేదు. సుజన లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఆయన తొంగిచూస్తే, బీరువా అద్దం ముందు నిలబడి, కట్టుకున్న చీరను ముందూ వెనకా చూసుకుంటోంది.

ఆయనకు అన్నం సహించలేదు. తాడు కోసిన వేళ్ళు. తడి గోనె. గుమ్మంలో అమ్మ. ఈ మూడూ ఒకచోట ఉన్న రోజు ఒకటి ఆయనకు తెలుసు.

మర్నాడు మూడు బడుల నుంచి ఫోన్లు వచ్చాయి. మీటింగులకు తండ్రులు వస్తున్నారట, బాబాయిలు వస్తున్నారట, తల్లులు మాత్రం గేటు బయటే ఆగిపోతున్నారట. పిల్లలు రానివ్వడం లేదట. ఒక హెడ్‌మిస్ట్రెస్ అయితే తన సొంత కొడుకే ఈ నెల్లాళ్ళుగా తనను బడిలో ‘మేడమ్’ అంటున్నాడని, మొదట క్రమశిక్షణ అనుకుని మురిసిపోయానని చెప్పింది.

లాబులో ఖాసిం అప్పటికే బిళ్ళ లోపలి మూల ముద్రను తెర మీద పరిచి కూర్చున్నాడు. ఈ బిళ్ళను తయారు చెయ్యడంలో శరభయ్యకు కుడిభుజం అతను. బిళ్ళ సిగ్గును పుట్టించదు. ఎప్పుడో ఒక మనిషి నిజంగా పడ్డ సిగ్గును, ఆ గుండె దడనూ ఊపిరినీ చర్మపు వేడినీ పట్టి ఉంచి, గ్రామఫోను రికార్డులాగా పిల్లల నరాల మీద వినిపిస్తుంది. వాళ్ళు మొదట్లో నటులను పెట్టి చూశారు, లెక్కలు కట్టి కృత్రిమంగా చేసి చూశారు. ఏది పెట్టినా పిల్లలకు జ్వరం వచ్చినట్టు ఉండేదే తప్ప సిగ్గు వేసేది కాదు. అసలైనది ఒక్కటే దొరికింది. నమూనా పదిహేడు.

"సిగ్గొక్కటే పోశామనుకున్నాం సార్" అన్నాడు ఖాసిం. "చేప తోలుతోపాటు పొలుసు వచ్చినట్టు, ఎవరి ముందు, ఎవరి వల్ల అన్నవి కూడా దాన్ని అంటుకునే వచ్చాయి. ఎవరు సార్ ఈ పదిహేడు?"

"గుర్తులేదోయ్" అన్నాడు శరభయ్య.

బిళ్ళలు పిల్లలకే పెట్టారు, పెద్దలకు పెట్టలేదు. అదీ ఒకందుకు ఆయన అదృష్టం.

గుర్తులేకేం. ఏడేళ్ళ కిందటి మాట. కాలువ పక్కనున్న బడిలో అయిదో తరగతి. పాఠం వింటున్న పిల్లల ఛాతీకీ వేళ్ళకీ మెత్తటి పట్టీలు కట్టి, వాళ్ళలో ఏ భావం ఎప్పుడు కదులుతుందో కొలుస్తున్న రోజులు. ‘మీ ఇంట్లో వారం రోజుల్లో పోగయిన ప్లాస్టిక్కంతా సంచిలో వేసి పట్టుకురండి’ అని శరభయ్య చెప్పాడు. తెచ్చినవి అందరి ముందూ కాటా వేసి, ఎవరింట ఎంత చెత్తో బోర్డు మీద రాయడం ఆ పాఠం పద్ధతి. ఒకరిది పావుకిలో, ఇంకొకరిది మూడొందల గ్రాములు.

చివరికి కెజియా వచ్చింది. పదకొండేళ్ళ పిల్ల, కాలువ కట్ట మీది గుడిసెల్లోంచి. తనంత ఎత్తున్న గోనె సంచిని ప్లాస్టిక్ తాడుతో ఈడ్చుకుంటూ వచ్చింది. బరువు మొయ్యలేదని తల్లి దానమ్మ గుమ్మం దాకా సాయం పట్టింది. దానమ్మ ఊరంతా తిరిగి కవర్లూ సీసాలూ ఏరుకునే మనిషి. వాటిని ఇంటికి తెచ్చి, విడదీసి, అమ్ముకుంటుంది. ఆమె ఇంట్లో వారం రోజుల్లో పోగయ్యేది ఊరి చెత్తే. మాస్టారు తెమ్మన్నారు గనక ఎక్కువ తెస్తే పాపకు ఫస్టు వస్తుందనుకుంది. రెండు రోజులు పనికి వెళ్ళడం మానుకుని, ఒక్కొక్క కవరూ కడిగింది, ఆరబెట్టింది, మడతపెట్టింది. వాటిని నింపిన గోనె మాత్రం ఇంకా తడి ఆరలేదు.

అందరిలాగే కెజియాకూ పట్టీలు కట్టాక, కాటా పదకొండు కిలోలు చూపించింది.

"ఇది సంచి కాదర్రా, ప్రత్యేక సంచిక!" అన్నాడు శరభయ్య. తరగతి గొల్లుమంది. నవ్వు రుచి మరిగినవాడు ఒకదానితో ఆగడు. "ఏమ్మా, మీ ఇంట్లో మనుషులుంటారా, కవర్లే కాపురముంటాయా?" అని కూడా అన్నాడు. బెంచీలు అదిరిపోయాయి. గుమ్మంలో నిలబడ్డ దానమ్మకు సంగతి అర్థం కాలేదు. అందరూ సంతోషిస్తున్నారు గాబోలు, పాపకు ఫస్టు వచ్చింది గాబోలు అనుకుని ఆవిడ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కెజియా వెనక్కి తిరిగి ఆ నవ్వు చూసింది.

అదే క్షణంలో శరభయ్య పక్కనున్న తెర మీద కెజియా గీత నిట్టనిలువుగా లేచింది. అన్నేళ్ళలో అంత స్వచ్ఛమైన గీతను ఆయన చూడలేదు. అది వాళ్ళ చెత్త కాదని, ఈ పిల్ల తల్లి లేకపోతే అది కాలువలో ఉండేదని ఒక్క ముక్క చెబితే చాలు. ఆ ముక్క నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే గీత పడిపోతుంది. ఆయన ఊరుకున్నాడు. నలభై క్షణాలపాటు, గీత పూర్తయ్యేదాకా, ఊరుకున్నాడు.

ఆదివారం ఉదయం శరభయ్య కాలువ కట్టకు వెళ్ళాడు. గుడిసెల పక్కన ఇప్పుడు పొడిచెత్త విడదీసే రేకుల షెడ్డు ఒకటి ఉంది. కెజియా అక్కడే కవర్లను మోపులుగా నొక్కే యంత్రం నడుపుతోంది. పద్దెనిమిదేళ్ళు వచ్చాయి. ఆయన్ని చూసి యంత్రం ఆపింది.

"మీరు జోకులేసే సారు కదూ" అంది.

ఈలోగా దానమ్మ గుర్తుపట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. స్టూలు వేసింది. స్టీలు గ్లాసులో టీ తెప్పించింది. ఎన్నేళ్ళకు చూశానని మురిసిపోయింది. పాప పదో తరగతి పాసయిందని, పైకి చదవమంటే చదవలేదని, బడిలో ఉన్నన్నాళ్ళూ తనను ఆ వీధి తొక్కనివ్వలేదని, దూరాన కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునేదని చెప్పింది. ఫిర్యాదులా కాదు, పిల్లల చేష్టలు చెప్పుకున్నట్టే చెప్పింది. తర్వాత కాస్త వంగి, ఎన్నాళ్ళనుంచో మనసులో ఉన్న సంగతి అడిగింది.

"ఆ ఏడు ఫస్టు ఎవరికిచ్చారు మాస్టారూ? మా పాప పదకొండు కిలోలు తెచ్చింది. అంతకంటే తెచ్చినోళ్ళున్నారా? తూకం చాల్లేదేమో, అందుకే పాపకు నా మీద కోపమొచ్చిందేమో అనుకుంటా ఉంటా."

శరభయ్యకు తల కొట్టేసినట్టయింది. కాటా దగ్గర ఎవరో పిలిస్తే దానమ్మ వెళ్ళింది. అప్పుడు, టీ చల్లారిపోతుండగా, ఆయన కెజియాకు అంతా చెప్పాడు. బిళ్ళ సంగతి, నమూనా సంగతి, గుమ్మం బయట ఆగిపోతున్న తల్లుల సంగతి.

ఆ అమ్మాయి మొదట నమ్మలేదు. బిళ్ళ అడిగి తీసుకుని, తనే మెడ కింద అంటించుకుని, మోపులోంచి ఒక కవరు లాగి నేల మీద పడేసింది. ఇద్దరూ ఎదురుచూశారు. యంత్రం మీద పిచ్చుక వాలి లేచిపోయింది.

"ఏమన్నా తెలుస్తోందా?" అని అడిగాడు.

"ఏం తెలియాలి సార్?"

"చెవుల్లో వేడి. గొంతులో... వేళ్ళ దగ్గర..."

"అదా" అంది కెజియా. "అది ఎప్పుడూ ఉండేదేగా."

బిళ్ళ ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది. కవరు ఏరి మోపులో వేసింది. "ఆ చెత్త మాది కాదని మీకు ఆ రోజు తెలుసా?"

తెలియదు అంటే సరిపోయేది. ఆ పిల్ల నమ్మేది కూడానేమో. "తెలుసు" అన్నాడు శరభయ్య.

ఆమె మోపును యంత్రంలోకి నెట్టింది. "ఊరి చెత్త మేం మోశాం. నా సిగ్గు ఊరు మోస్తోంది. చెల్లుకు చెల్లు అనుకుందామంటే వాళ్ళు పిల్లలయిపోయారు. తీసెయ్యండి సార్. ఇంకొకళ్ళది తెచ్చి పెట్టకండి. మా అమ్మకు మాత్రం మీరే చెప్పండి. ఇక్కడ కాదు, ఆ క్లాసులో. మేం వస్తాం. ఈసారి సంచి మీరు తెండి. మీ ఇంట్లోది, వారం రోజులది."

ఆమె అన్నట్టే చేశాడు శరభయ్య. ఆ సాయంత్రమే ఖాసింకు నిజం చెప్పాడు. ఖాసిం నమూనా పదిహేడును చెరిపే మీటను ఆయన వైపు జరిపాడు. మీరే నొక్కండి అన్నట్టు. నలభై ఒక్క బడుల్లో బిళ్ళలు ఉత్త బిళ్ళలయిపోయాయి. వకుళ తన బిళ్ళ తీసి తండ్రి చేతిలో పెట్టింది. వేళ్ళ నొప్పి పోయిందట. రెండు రోజుల తర్వాత మాత్రం తలుపు పక్కన నిలబడి మెల్లగా అంది: "అమ్మ గుమ్మంలోకొస్తే ఇంకా అలాగే ఉంది నాన్నా. బిళ్ళ లేకపోయినా." ఎనిమిది నెలలు పాడిన పాటను గ్రామఫోను ఆపినా చెవి ఆపదు.

వారం రోజుల చెత్తను సుజన, ఆయన కలిసి సంచికెత్తారు. పాల పాకెట్లు, పార్సిల్ డబ్బాల్లోని బుడగల కాగితాలు, కూరల కవర్లు. వాటితోపాటు గదిలో మూలనున్న ‘హరితబాల’ వారి ఫ్లెక్సీలు నాలుగు, ‘ప్రకృతి ప్రేమికుడు’ అని శరభయ్యకు ఇచ్చిన లామినేషన్ ప్రశంసాపత్రాలు ఇరవై దాకా. సుజన సంచి మూతి బిగించి, "ఇంత మనదేనా" అంది. తిడితే బాగుండుననిపించింది ఆయనకు.

సోమవారం కమిటీ ఆ బడికే వచ్చింది. పిల్లలు బెంచీల్లో కూర్చున్నారు. చచ్చిన బిళ్ళలన్నీ బల్ల మీద స్టీలు బకెట్టులో ఉన్నాయి. శరభయ్య లేచి నిలబడ్డాడు. ఎప్పటిలాగే పిల్లలు నవ్వడానికి సిద్ధమై ముందుకు వంగారు.

"ఏడేళ్ళ కిందట ఈ గదిలో ఒక అమ్మాయి పదకొండు కిలోల సంచి తెచ్చింది. అది వాళ్ళింటి చెత్త కాదు. మనందరిదీ. వాళ్ళమ్మ ఏరింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ నవ్వించాను. ఆ అమ్మాయి పడ్డ సిగ్గునే పట్టుకుని మీ అందరి మెడకూ కట్టాను. మీకు మీ అమ్మల మీద కలిగిన సిగ్గు మీది కాదు. నేను దొంగిలించి తెచ్చింది."

ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఒక పిల్ల తన వేళ్ళు చూసుకుంది.

కమిటీ అధ్యక్షురాలు కళ్ళజోడు సర్దుకుని, ఆయన నిజాయితీని మెచ్చుకుంటూనే, ఇంత పని చేసిన పరికరాన్ని మూలపడెయ్యడం భావ్యం కాదని, కొత్త నమూనా తీసుకుంటే సరిపోతుంది కదా అని అంది. "చిక్కంతా తల్లితోనే అంటున్నారు. తల్లి లేని పిల్లను చూసి తీసుకోండి, ఈ ఇబ్బంది రాదు." చాలా మర్యాదగా అంది. శరభయ్యకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆ గొంతు ఆయనకు పరిచయమే. ఏడేళ్ళ కిందట నలభై క్షణాలపాటు తన లోపల మాట్లాడినది అదే గొంతు.

"తియ్యనండీ" అన్నాడు. కమిటీ కాగితాలు మూసుకుంది, అయినా లేచి వెళ్ళలేదు.

గుమ్మం దగ్గర అలికిడయింది. కెజియా కాటా మోసుకుంటూ లోపలికి వచ్చి బల్ల మీద పెట్టింది. దానమ్మ వెనకే వచ్చి, అలవాటుగా, ఏడేళ్ళ కిందట నిలబడ్డ చోటే తలుపు చెక్క పట్టుకుని ఆగిపోయింది. శరభయ్య అన్న మాటలన్నీ బయట వరండాలో నిలబడి విన్నది. ఆమె ముఖంలో ఏముందో చూడటానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

"లోపలికి రా అమ్మా" అంది కెజియా.

దానమ్మ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. కొంగు నడుముకు దోపుకుంది. శరభయ్య తెచ్చిన సంచిని రెండు చేతులా ఎత్తి కాటా మీద పెట్టింది. నాలుగు కిలోల ఎనిమిది వందలు. కెజియా ఆ అంకె బోర్డు మీద రాసింది, పక్కన ‘వంగల శరభయ్యగారి ఇల్లు’ అని కూడా రాసింది.

దానమ్మ తన పని తాను చేసుకుపోయే మనిషి. సంచి ముడి విప్పి, చెయ్యి పెట్టి ఒక పాల పాకెట్టు తీసింది. అందులోంచి పులిసిన నీళ్ళు ఆమె మణికట్టు మీదుగా కారి బల్ల మీద పడ్డాయి. ఇంకొకటి తీసింది. అదీ అంతే. ఆమె ఆగి, ఆయన ముఖంలోకి చూసి, చుట్టూ ఉన్న కమిటీనీ పిల్లలనూ చూసింది. ఒకడుగు దగ్గరికి జరిగింది.

"మాస్టారూ," అంది, "ఇవి కడగలేదా?"

పదిమందిలో ఆయన పరువు పోకూడదని, ఆ మాట ఇంకెవరికీ వినపడకుండా అడిగింది.